కొంగ సినిమా అమెరికా డిస్క్: కొనండి, కానీ జపనీస్‌లో కూడా చూడండి

ఈ డిస్క్ కొనొచ్చా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, కొనండి. జపాన్ బొమ్మల సినిమాల దర్శకుడు మియజాకి సినిమా ఇంతవరకు ఒక్కటీ చూడకపోయినా పర్వాలేదు. కానీ ఇంగ్లీషు డబ్బింగ్ పెట్టుకుని ఒకసారి చూసేసి అల్మరాలో పడేయకండి, జపనీస్ ఆడియో పెట్టుకుని ఇంకోసారి చూడండి. ఆ రెండో సారి ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా.

నేను చెప్పేది హయావో మియజాకి 2023లో తీసిన సినిమా గురించి. అమెరికాలో దాని పేరు ‘ద బాయ్ అండ్ ద హెరాన్’, పిల్లాడూ కొంగా అన్నమాట. జీకిడ్స్ అనే న్యూయార్క్ కంపెనీ దీన్ని ఇక్కడ థియేటర్లలో వేసింది, 2024 జులైలో 4కె డిస్క్‌గా తెచ్చింది. మియజాకి వాళ్ళ ఘిబ్లీ స్టూడియో సినిమాల్లో అమెరికాలో 4కె డిస్క్‌గా వచ్చిన మొదటిది ఇదే. (మనం ఘిబ్లీ అని రాస్తున్నాం గానీ జపాన్‌లో జిబురి అంటారు, నేను ఘిబ్లీ అన్న ప్రతిసారీ మా పాప సరిచేస్తుంది.)

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మొదట థియేటర్లోనే చూశాం, 2023 డిసెంబర్, రిలీజైన వారమే. సబ్‌టైటిల్స్ ఉన్న షోకి టికెట్లు తీసుకుంటే లైట్లు ఆరాక తెర మీద ఇంగ్లీషు మాటలు మొదలయ్యాయి. ఏ థియేటరో చెప్పను, అక్కడ పనిచేసే పిల్లలు చాలా మర్యాదగానే మాట్లాడారు, మధ్యలో మార్చడం కుదరదన్నారు, మమ్మల్ని చూడనిచ్చి మర్నాటి సబ్‌టైటిల్ షోకి ఇంకో రెండు టికెట్లు చేతిలో పెట్టారు. అలా వరసగా రెండు రోజులు, ముందు ఇంగ్లీషులో, తర్వాత జపనీస్‌లో, పెద్ద తెర మీద చూసేశాం. ఆ రెండో రోజు ఇంటికొస్తూ కార్లో పాప అన్న మాట నాకింకా గుర్తుంది. "అమ్మా, నిన్న చూసిన అబ్బాయి వేరు, ఇవాళ చూసిన అబ్బాయి వేరు." బొమ్మ ఒకటే, కథ ఒకటే, మరి అబ్బాయి ఎలా మారాడు? అప్పటినుంచి నాకు ఇదే ఆలోచన, అందుకే డిస్క్ వచ్చిన వారంలోనే కొన్నా. ఆ తర్వాత తెనాలి నుంచి మా అమ్మ ఆరు నెలలుండటానికి వచ్చింది, ఆవిడతో మూడోసారి చూశాను. అసలు సంగతి తేలింది ఆ మూడోసారే. దాని దగ్గరికి వస్తా.

ముందు ఈ సినిమా అమెరికాకి ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ డిస్క్ విలువ అది తెలిస్తేనే అర్థమవుతుంది. ఇదే మియజాకి 1984లో తీసిన ‘నౌసికా’ని ఆ మరుసటి ఏడు న్యూ వరల్డ్ పిక్చర్స్ అనే కంపెనీ ఇక్కడికి తెచ్చింది. పేరు ‘వారియర్స్ ఆఫ్ ద విండ్’ అని మార్చింది, 20 నిమిషాల పైనే కోసేసింది, కథానాయిక పేరు తీసేసి జాండ్రా అని పెట్టింది. క్యాసెట్ అట్ట మీద అసలు సినిమాలోనే లేని మగవీరుల బొమ్మలు గీయించింది. ఒక అమ్మాయి పురుగుల్ని, విషపు అడవిని ప్రేమించే కథ అమెరికా పిల్లలు చూడరని వాళ్ళే అనేసుకున్నారు. ఆ దెబ్బతో ఘిబ్లీ వాళ్ళు ఒక్క షాటు కూడా కోయనివ్వం అనే నియమం పెట్టుకున్నారు. 1996లో డిస్నీతో ఒప్పందం కుదిరినా ఆ నియమం వదల్లేదు. ‘ప్రిన్సెస్ మొనొనొకె’ అమెరికాకి వచ్చేటప్పుడు నిర్మాత తోషియో సుజుకి, డిస్నీ కిందే ఉన్న మిరామాక్స్ కంపెనీ అధిపతికి ఒక కత్తి బహుమతిగా ఇచ్చి, కోతలు వద్దు అని చెప్పిన కథ ఈ సినిమాల మీద ఇష్టం ఉన్నవాళ్ళందరికీ తెలుసు. కోయలేదు. కానీ 1999లో ఆ సినిమా ఇక్కడ 24 లక్షల డాలర్లు కూడా దాటలేదు.

అదే సినిమాని ఈ జీకిడ్స్ వాళ్ళు 2025 మార్చిలో ఐమాక్స్‌లో మళ్ళీ వేస్తే మొదటి వారాంతానికే దాదాపు 40 లక్షల డాలర్లు వచ్చాయి. సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు, మారింది చూసేవాళ్ళు. కొంగ సినిమా అయితే 2023 డిసెంబర్లో మొదటి వారాంతంలో అమెరికా మొత్తం మీద మొదటి స్థానంలో నిలబడింది, దాదాపు కోటీ 30 లక్షల డాలర్లతో. తర్వాత 2024 మార్చిలో ఆస్కార్ వచ్చింది. ఈ మధ్యలో జరిగిన పని ఎవరిదో ఒకరు చెప్పాలి కదా, అందులో పెద్ద వాటా జీకిడ్స్‌దే అని నేను గట్టిగా నమ్ముతున్నా. 2008లో ఎరిక్ బెక్‌మన్ మొదలుపెట్టిన చిన్న కంపెనీ అది, పిల్లల సినిమాల పండగ నడిపిన అనుభవంతో. 2011లో ఘిబ్లీ సినిమాల థియేటర్ హక్కులు తీసుకున్నారు, 2017 నుంచి డిస్కులు కూడా వాళ్ళే. అదే సంవత్సరం నుంచి ఘిబ్లీ ఫెస్ట్ అని దాదాపు ఏటా పాత సినిమాల్ని మామూలు మల్టీప్లెక్సుల్లో వేస్తున్నారు, కొన్ని షోలు డబ్, కొన్ని సబ్. మా పాప ఆ సినిమాలు నేర్చుకుంది టీవీలో కాదు, అక్కడే. 2024లో జపాన్‌కి చెందిన తోహో ఈ కంపెనీని కొనేసింది, ఇకపై ఎలా ఉంటుందో చూడాలి.

వాళ్ళు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి ఉంది. ఘిబ్లీలో మియజాకి తోటి దర్శకుడు తకహాతా తీసిన ‘ఓన్లీ యెస్టర్‌డే’ 1991 నాటి సినిమా. అందులో ఐదో క్లాసు ఆడపిల్లలు పీరియడ్స్ గురించి గుసగుసలాడుకునే భాగం ఉంది, మగపిల్లలు ఏడిపించడం కూడా. డిస్నీ దగ్గర హక్కులున్నా అమెరికాలో విడుదల చేయలేదు. పిల్లల బొమ్మల సినిమాగా అమ్ముకోవడానికి ఆ భాగం అడ్డమైందని చాలామంది అనుకునేవాళ్ళు. 25 ఏళ్ళ తర్వాత, 2016లో, జీకిడ్స్ దాన్ని ఏమీ తీసేయకుండా విడుదల చేసింది. మేం ముగ్గురం, మా అమ్మ, నేను, మా 11 ఏళ్ళ పాప, ఒకే సోఫాలో కూర్చుని చూశాం. సినిమా అయ్యాక మా అమ్మ తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పింది, నాకు 38 ఏళ్ళొచ్చాయి, ఇంతవరకు నాకెప్పుడూ చెప్పలేదు. దీనికి ఎన్ని స్టార్లు ఇవ్వాలో నాకు తెలియదు.

సరే, డబ్బింగ్. మనవాళ్ళలో కొందరు డబ్బింగ్ అనగానే మొహం చిట్లిస్తారు, నాకది నచ్చదు. మనకి డబ్బింగ్ చిన్న పనేం కాదు. తెలుగులోకి డబ్ అయిన మొదటి సినిమా ‘ఆహుతి’, 1950లో హిందీ నుంచి వచ్చింది, దానికి మాటలూ పాటలూ రాసింది సాక్షాత్తూ శ్రీశ్రీ. పెదవులు మూసుకునే చోట పెదవులు మూసుకునే అక్షరం పడాలి, నోరు తెరిచి ఉన్నంతసేపూ మాట సాగాలి, అర్థం చెడకూడదు. మహాకవికే చెమటలు పట్టించే పని. బొమ్మల సినిమాలో పెదవులు అంత ఖచ్చితంగా కదలవు కాబట్టి కొంచెం వెసులుబాటు ఉంటుంది, కానీ జపనీస్ నుంచి ఇంగ్లీషుకి వేరే చిక్కు ఉంది. జపనీస్‌లో క్రియ మనలాగే వాక్యం చివర వస్తుంది. "నేను అమ్మని అక్కడ..." అని మనం ఆగిపోతే, చూశానంటాడా, వదిలేశానంటాడా, వినేవాడు ఊపిరి బిగపట్టి ఎదురుచూస్తాడు. ఇంగ్లీషులో ఆ క్రియ ముందే బయటపడిపోతుంది. పాత్ర మధ్యలో ఆగినప్పుడు ఆ టెన్షన్ నిలబెట్టాలంటే రాసేవాళ్ళు వాక్యాన్ని మొత్తం విప్పి మళ్ళీ కట్టాలి.

ఈ సినిమా ఇంగ్లీషు డబ్బింగ్ ఆ పని చాలా బాగా చేసింది. న్యూయార్క్‌లోని ఎన్‌వైఏవీ పోస్ట్ స్టూడియో చేసింది, మైకేల్ సింటర్నిక్లాస్ డైరెక్ట్ చేశారు. కొంగకి రాబర్ట్ ప్యాటిన్సన్ గొంతు. పేరు చూడకపోతే ఆయనని ఎవరూ పోల్చుకోలేరు, గొంతులో ఇసుక పోసుకుని మాట్లాడినట్టు, ఒకసారి బెదిరిస్తూ, ఒకసారి బతిమాలుతూ, పళ్ళ సందుల్లోంచి వచ్చే గొంతు. జపనీస్‌లో మసాకి సుదా చేసిన కొంగ కూడా గొప్పదే, కానీ ఈ ఒక్క పాత్రలో మాత్రం నేను ఇంగ్లీషుకే ఓటేస్తా. ముసలి పెలికన్‌గా విలెం డెఫో ఉన్నది కాసేపే, ఆ కాసేపట్లోనే ఏడిపించాడు. క్రిస్టియన్ బేల్ నాన్న పాత్రలో నాకు అంతగా ఆనలేదు, ఆ నాన్నకి ఉండాల్సిన అమాయకపు గర్వం జపనీస్‌లోనే బాగా వినిపించింది. మహితో అనే ఆ పిల్లాడికి లూకా పడోవాన్ బాగానే చేశాడు, కానీ పాప చెప్పిన తేడా అక్కడే ఉంది, ఇంగ్లీషు మహితో కొంచెం మెత్తటివాడు. జపనీస్ మహితో మర్యాద వెనక దాక్కున్న పిల్లాడు. ఆ మర్యాద మాటల్లో ఉంది, ఆ మాటలకి ఇంగ్లీషులో చోటు లేదు.

ఇంకో విషయం, మౌనం. మియజాకి ఒకసారి అమెరికా విమర్శకుడు రోజర్ ఎబర్ట్‌కి చప్పట్లు కొట్టి చూపించి, రెండు చప్పట్ల మధ్య ఉన్న ఖాళీని జపనీస్‌లో ‘మా’ అంటారని వివరించారు. కోతలు ఆగిపోయాక అమెరికా వాళ్ళు మొదలుపెట్టిన పని ఆ ఖాళీల్ని నింపడం. ‘కికీ’ అని మంత్రగత్తె పిల్ల కథ, అదీ మియజాకిదే, దాని 1998 నాటి డబ్బింగ్‌లో ఆ నల్లపిల్లి జీజీకి అసలులో లేని మాటలు చాలా పెట్టారు. చివర్లో పిల్లి మాట కికీకి ఇక అర్థం కాకపోవడమే ఆ కథలో గుచ్చుకునే ముల్లు, డబ్బింగ్‌లో మాత్రం అది మళ్ళీ మాట్లాడేస్తుంది! 2010లో వచ్చిన డిస్కులో అలాంటివి చాలావరకు తీసేశారు. ‘క్యాసిల్ ఇన్ ద స్కై’కి మౌనంగా ఉన్న చోట్లు నింపడానికి అసలు సంగీతం చేసిన జో హిసాయిషి చేతే కొత్తగా సంగీతం చేయించారు. ‘స్పిరిటెడ్ అవే’ డబ్బింగ్ నిజానికి చాలా మంచిది, అయినా వంతెన మీద నిలబడి ఆ పెద్ద భవనాన్ని చూస్తున్న చిహిరో నోట "ఇది స్నానాల ఇల్లు" అనే మాట పెట్టారు. జపనీస్‌లో ఆ పిల్ల ఏమీ అనదు. జపాన్ పిల్లలకి చూడగానే తెలుస్తుంది, అమెరికా పిల్లలకి తెలియదు కాబట్టి పెట్టారు, ఆ కారణం నేను అర్థం చేసుకోగలను. కానీ ఆఖర్లో కారు వెళ్ళిపోయేటప్పుడు కొత్త ఇల్లు, కొత్త బడి కొంచెం భయమేనని నాన్న అనడం, నేను చేసుకోగలను అని చిహిరో చెప్పడం, ఇవి మాత్రం క్షమించలేను. అసలులో అక్కడ మాటే లేదు. ఆ పిల్ల మారిందని రెండు గంటలు చూపించాక నోటితో చెప్పించడం దేనికి?

కొంగ సినిమాలో అలాంటి అతుకులు నాకు కనపడలేదు. రెండు ఆడియోలూ పక్కపక్కన పెట్టి చూశాను, అవును, నిజంగా ఒక ఆదివారం మధ్యాహ్నం అదే పని చేశాను. పిల్లాడు కొత్త ఇంటికొచ్చినప్పుడు ఆ పెద్ద కొంగ వసారా కిందుగా దూసుకుపోయే చోట ఎవరూ ఏమీ వివరించరు. సినిమా మొదటి అరగంట అంతా దాదాపు అలాగే ఉంటుంది. 1985లో అయితే ఆ అరగంట మొత్తం లేచిపోయేది.

ఇప్పుడు మా అమ్మ దగ్గరికి వస్తా. ఇక్కడినుంచి కథ కొంత బయటపడుతుంది, చూడనివాళ్ళు డిస్క్ సంగతులు చెప్పే పేరా దాకా దాటేయండి.

మా అమ్మ తెలుగు మీడియం చదువు, సబ్‌టైటిల్స్ పరిగెత్తే వేగానికి ఇంగ్లీషు చదవలేదు. ఇంగ్లీషు డబ్బింగ్ అమెరికా యాసలో అసలే అందదు. అందుకని జపనీస్ ఆడియో పెట్టి, నేను పక్కన కూర్చుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పాను. కథ ఏంటంటే, యుద్ధ కాలం, టోక్యోలో ఆస్పత్రికి నిప్పంటుకుని మహితో వాళ్ళ అమ్మ చనిపోతుంది. తర్వాత నాన్న ఆ చనిపోయినావిడ సొంత చెల్లెలు నత్సుకోని చేసుకుంటాడు, పిల్లాడిని తీసుకుని పల్లెలో వాళ్ళింటికి వెళ్తాడు. ఆవిడ అప్పటికే కడుపుతో ఉంటుంది. ఆవిడ పిల్లాడిని తీసుకెళ్ళడానికి స్టేషన్‌కి వచ్చిన సీన్లో నేను "ఈవిడ వాళ్ళమ్మ చెల్లెలు, ఇప్పుడు వీళ్ళ నాన్న భార్య" అని చెప్పబోతుంటే మా అమ్మ చేత్తో ఆపి "పిన్ని" అంది. అంతే. ఒక్క మాట.

నేను రెండుసార్లు చూసి, ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులో ఆలోచించి, ఆ బంధాన్ని రెండు బంధాలుగా మోస్తున్నాను, పిన్తల్లి ఒకటి, సవతి తల్లి ఒకటి. మనకి రెండూ ఒకటే మాట. అక్క పోతే చెల్లెల్ని ఇచ్చి చేయడం మన ఊళ్ళలో కూడా జరిగిందే, పిల్లలకి సొంత పిన్ని అయితే బాగా చూసుకుంటుందని. మా అమ్మకి తెలిసినవాళ్ళలోనే రెండు ఇళ్ళున్నాయి, వాళ్ళ పేర్లు కూడా చెప్పింది. పిల్లాడి ముఖంలో ఆ బిగుసుకుపోవడం ఏమిటో ఆవిడకి ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

ఇప్పుడు వినండి, జపనీస్‌లో ఆ పిల్లాడు ఆవిడని మొదటినుంచీ "నత్సుకో-సాన్" అంటాడు. మన లెక్కలో నత్సుకో గారు. తన తల్లి చెల్లెల్ని, తన ఇంట్లోనే ఉన్నావిడని, గారు అంటున్నాడంటే ఎంత దూరంలో నిలబెట్టాడో చూడండి. తర్వాత పురుడు గదిలో, గాల్లో కాగితాలు సుడులు తిరుగుతూ ఒంటికి అంటుకుంటుంటే, ఆవిడ పో అని అరుస్తుంటే, వాడు "నత్సుకో-కాసాన్!" అని అరుస్తాడు. కాసాన్ అంటే అమ్మ. ఆ ఒక్క చోట ‘సాన్’ కాస్తా ‘కాసాన్’ అవుతుంది, సినిమా మొత్తం ఆ మెట్టు ఎక్కడానికే. ఇంగ్లీషులో మదర్ అనే మాట పెట్టగలరు, పెట్టారు కూడా, కానీ అంతకుముందు ‘గారు’ లేదు కదా, మెట్టు ఎక్కడుంది? ఒట్టి నత్సుకో నుంచి మదర్‌కి గెంతినట్టు ఉంటుంది. ఇది అనువాదకుల తప్పు కాదు, ఆ భాషకి అంతే. పాప చెప్పిన వేరే అబ్బాయి వీడే.

ఇలాంటివి ఒకసారి పట్టుబడితే ఆ సినిమాలన్నిట్లో కనపడతాయి. ‘స్పిరిటెడ్ అవే’లో కమాజీ అంటే బాయిలర్ దగ్గరుండే తాత, ఆ ‘జీ’లోనే తాత ఉన్నాడు. యుబాబా అంటే వేడినీళ్ళ ముసలమ్మ. అమెరికా పిల్లలకి అవి ఒట్టి పేర్లు. ‘టోటోరో’లో బడికెళ్తూ అక్క సత్సుకి "ఇత్తెకిమాసు" అని అరుస్తుంది, దాని అర్థం అక్షరాలా వెళ్ళొస్తాను. దానికి ఇంట్లోవాళ్ళు చెప్పేది "ఇత్తెరష్షై", వెళ్ళి రా. ఇంగ్లీషులో బై అని సరిపెట్టుకోవాలి. ఇంట్లోంచి బయటికెళ్ళేటప్పుడు ‘వెళ్తాను’ అంటే మా అమ్మ ఇప్పటికీ ఊరుకోదు, వెళ్ళొస్తాను అనాల్సిందే. మనం చెల్లెలు అక్కని పేరుతో పిలవని భాష నుంచి వచ్చాం, అక్కడ కూడా అంతే. ఇంగ్లీషు సబ్‌టైటిల్లో పేరు పడుతుంది, చెవిలో మాత్రం అక్కా అని వినపడుతుంది. అందుకే తెలుగువాళ్ళకి జపనీస్ ఆడియో దగ్గర అని చెప్తున్నా.

కొంగ సంగతి కూడా అంతే. జపనీస్‌లో కొంగని సాగి అంటారు, మోసాన్ని కూడా సాగి అనే అంటారు, రాత వేరు, పలకడం ఒకటే. ఆ కొంగ వేషం వేసుకున్న మనిషి అబద్ధాలకోరు, వాడిని సాగి మనిషి అంటుంటే జపాన్ వాళ్ళకి రెండూ వినపడతాయి. ఇంగ్లీషులో హెరాన్ అంటే హెరానే. మా అమ్మకి ఇది చెప్పగానే "కొంగజపం" అంది. మనకి కొంగని చూడగానే దొంగ అని ఎప్పుడో తెలుసు.

సినిమా పేరు కూడా చెప్పి ఇది ముగిస్తా. జపాన్‌లో దీని పేరు ‘కిమితాచి వా దో ఇకిరు కా’, 1937లో వచ్చిన ఒక నవల పేరు అది. మీరెలా బతుకుతారు అని అడగడం. అందులోని ‘కిమితాచి’ పెద్దవాళ్ళు తమకంటే చిన్నవాళ్ళని, చనువుగా, అందరినీ కలిపి అనే మాట. మన తాతలు అరుగు మీద కూర్చుని "మీరెలా బతుకుతారర్రా?" అంటారు చూడండి, సరిగ్గా అది. మియజాకి 82 ఏళ్ళ వయసులో పిల్లల్ని అడిగిన ప్రశ్న, అమెరికాకి వచ్చేసరికి పిల్లాడూ కొంగా అయిపోయింది. టికెట్లు అమ్ముకోవాలంటే ప్రశ్న కంటే కొంగ నయం అనుకున్నారేమో, నాకు మాత్రం ఆ ప్రశ్న పోవడం బాధగానే ఉంది. కనీసం డిస్క్ అట్ట మీద ఎక్కడైనా కనపడేలా రాసి ఉంటే బాగుండేది.

డిస్క్ సంగతులు. ధర నేను కొన్నప్పుడు 30 డాలర్ల చుట్టుపక్కల. నాకు మొదట వచ్చిన పెట్టె మూల నలిగి వచ్చింది, ఆన్‌లైన్‌లో అమ్మినవాళ్ళు మారు మాట్లాడకుండా మార్చారు, డిస్క్‌కి ఏం కాలేదు. బొమ్మ అద్భుతం. మొదట్లో వచ్చే అగ్నిప్రమాదం, మనుషులు నిప్పురవ్వల్లో కరిగిపోతున్నట్టు గీసిన ఆ రెండు మూడు నిమిషాలు, స్ట్రీమింగ్‌లో ఆ గీతలు చెదిరిపోయాయి, డిస్క్‌లో చేత్తో గీసిన పెన్సిల్ గరుకు కూడా కనపడుతోంది. మా ఇంట్లో పెద్ద స్పీకర్లేం లేవు, మామూలు సౌండ్‌బారే, అయినా కొంగ రెక్కల చప్పుడు గది అంతా తిరిగింది. సబ్‌టైటిల్స్ విషయంలో ఒక జాగ్రత్త. పాత రోజుల్లో చాలా జపనీస్ సినిమాల డిస్కుల్లో డబ్బింగ్ మాటల్నే టైప్ చేసి సబ్‌టైటిల్స్‌గా పెట్టేవాళ్ళు, జపనీస్‌లో ఒకటి వినపడుతుంటే కింద ఇంకోటి కనపడేది. ఇందులో అలా లేదు, డబ్బింగ్ మాట వేరు, సబ్‌టైటిల్ వేరు. మెనూలో జపనీస్‌కి సంబంధించిన సబ్‌టైటిల్సే ఎంచుకున్నారో లేదో ఒకసారి చూసుకోండి, వినపడనివాళ్ళ కోసం పెట్టినవి డబ్బింగ్ ప్రకారం ఉంటాయి.

అదనంగా సుజుకి, హిసాయిషి, యానిమేషన్ పర్యవేక్షించిన తకేషి హోండా ఇంటర్వ్యూలున్నాయి, సినిమా చివర్లో వచ్చే యోనెజు పాట వీడియో ఉంది. హోండా బొమ్మ గీస్తూ చూపించే భాగం మా పాప కనీసం పదిసార్లు చూసుంటుంది. అన్నిటికంటే విలువైనది స్టోరీబోర్డ్. సినిమా మొత్తం, మొదటినుంచి చివరిదాకా, మియజాకి గీసిన స్టోరీబోర్డు బొమ్మలతో చూడొచ్చు. బొమ్మలు గీసే పిల్లలున్న ఇంట్లో దీనికోసమే కొనొచ్చు.

ఇండియాకి పంపాలనుకునేవాళ్ళు గమనించండి. 4కె డిస్కులకి రీజియన్ గొడవ ఉండదు, అక్కడ 4కె ప్లేయర్ ఉంటే ఆడుతుంది. కానీ మామూలు బ్లూరే అయితే అమెరికాది రీజియన్ ఏ, ఇండియాది రీజియన్ సీ, ప్లేయర్ ఒప్పుకోకపోవచ్చు. ఇండియాలో ఉన్నవాళ్ళకి 2024 అక్టోబర్లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది కాబట్టి ముందు అక్కడ చూసి నచ్చితే డిస్క్ గురించి ఆలోచించండి.

పిల్లల గురించి. దీనికి పీజీ-13 ఇచ్చారు, బొమ్మల సినిమానే కదా అని చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి. మహితో రాయితో తన తల తనే కొట్టుకుంటాడు, రక్తం కారుతుంది, పెద్ద చేపని కోసే సీను ఉంది, పెలికన్లు ఆ తెల్లటి బుజ్జి ప్రాణుల్ని తినేస్తుంటాయి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి ‘టోటోరో’ పెట్టండి, అది డబ్బింగ్‌లోనే పెట్టండి, చదవలేని వయసులో సబ్‌టైటిల్స్‌తో విసిగించడం అన్యాయం.

తెలుగు డబ్బింగ్ ఈ డిస్క్‌లో లేదు, ఎక్కడా నాకు కనపడలేదు. రాకూడదని ఏం లేదు. 1990ల నాటి జపాన్ వాళ్ళ రామాయణం బొమ్మల సినిమా 2025 జనవరిలో మన థియేటర్లలో తెలుగులో వచ్చింది, అదే ఏడు సెప్టెంబర్లో ‘డెమన్ స్లేయర్’ కూడా తెలుగులో ఆడింది. ఎవరైనా ఈ సినిమాకి తెలుగు మాటలు రాస్తే పురుడు గది సీన్లో ఏం రాయాలో మా ఇంట్లో ఇంకా తేలలేదు. మా అమ్మ లెక్క ప్రకారం వాడు మొదటినుంచీ నత్సుకో గారు అనాలి, అక్కడ పిన్నీ అని అరవాలి. "గారు అన్నన్నాళ్ళూ పరాయిదే, పిన్నీ అన్నాడంటే అయిపోయింది, ఇంకేం కావాలి" అంటుంది. పాప ఒప్పుకోవడం లేదు, జపనీస్‌లో కాసాన్ అని ఉంది అమ్మమ్మా, అమ్మా అనే అనాలి అంటుంది. నేను రెండు రకాలుగానూ కాగితం మీద రాసి, ఆ సీను నడుస్తుండగా బిగ్గరగా చదివి చూశాను. పిన్నీ అన్నప్పుడు మా అమ్మ కళ్ళు తుడుచుకుంది, అమ్మా అన్నప్పుడు పాప.